పెళ్లిలో చూపించే అరుంధతి నక్షత్రం నిజంగా కనిపిస్తుందా? అక్కడున్నవి రెండు కాదు.. ఆరు!

మూడుముళ్లు పడ్డాక పంతులుగారు కొత్త జంటను మండపం బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి చెయ్యి చూపిస్తారు. "అదిగో అరుంధతి.. కనిపించిందా?" అంటే ఇద్దరూ తలూపేస్తారు. ముహూర్తం పగలు పదకొండింటికైనా సరే! ఇంతకీ ఆ నక్షత్రం ఎక్కడుంది? ఏ నెలలో చూస్తే కనిపిస్తుంది?

ఉత్తరం వైపు గరిటె ఆకారంలో ఉండే ఏడు నక్షత్రాలే సప్తర్షి మండలం. గరిటె కాడ చివరి నుంచి రెండోది వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని మిణుకుమిణుకుమనే చిన్న చుక్కే అరుంధతి. సైన్స్ పుస్తకాల్లో వీటి పేర్లు మిజార్, ఆల్కోర్. వశిష్ఠ నక్షత్రం దాదాపు 6 రెట్లు ఎక్కువ వెలుగుతో కనిపిస్తుంది. అందుకే ముందు పెద్ద చుక్కను చూపించి, తర్వాత పక్కనున్న చిన్నదాన్ని చూపిస్తారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి తీసుకెళ్లే ఈ పద్ధతికి శాస్త్రాల్లో 'అరుంధతీ దర్శన న్యాయం' అనే పేరే ఉంది.

ఈ రెండింటి మధ్య ఎడం పౌర్ణమి చంద్రుడి వెడల్పులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. చీకటిగా ఉండే ఊళ్లో మామూలు చూపున్నవాళ్లు సులువుగానే విడదీసి చూడొచ్చు. హైదరాబాద్ లాంటి సిటీ లైట్ల మధ్య మాత్రం అరుంధతి దొరకడం కష్టమే.

అసలు చిక్కు సీజన్‌తో. హైదరాబాద్ లెక్కన మే నెలాఖరులో రాత్రి 9 గంటల ప్రాంతంలో ఈ జంట ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది. వేసవి పెళ్లిళ్లకు ఢోకా లేదు. ఫిబ్రవరి మధ్యలో రాత్రి 8 ప్రాంతంలో ఉదయిస్తుంది కాబట్టి, పది దాటితే చూడొచ్చు. ఆగస్టులో అయితే చీకటి పడగానే వాయవ్యం వైపు వెతకాలి. కార్తీక మాసం పెళ్లిళ్ల సంగతే వేరు. నవంబర్ మూడో వారంలో చీకటి పడకముందే అస్తమిస్తుంది, మళ్లీ అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర తర్వాతే పైకొస్తుంది. రాత్రి 9 గంటల ముహూర్తానికి ఎంత వెతికినా కనిపించదు. ఎందుకంటే అప్పటికి అది దిగంతం కింద ఉంటుంది.

ఇక సోషల్ మీడియా పోస్టు సంగతి. మిగతా జంట నక్షత్రాల్లో ఒకటి నిలబడి ఉంటే రెండోది దాని చుట్టూ తిరుగుతుందట, అరుంధతీ వశిష్ఠులు మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారట. వినడానికి బాగుంది కానీ నిజం కాదు. ఏ జంట నక్షత్రమైనా అంతే, రెండూ కలిసి తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. వీటికి ప్రత్యేక రూలేమీ లేదు. పైగా ఈ రెండింటి మధ్య దూరం తక్కువలో తక్కువ పావు కాంతి సంవత్సరం. గురుత్వాకర్షణతో కట్టుబడి ఉన్నాయనుకున్నా, ఒక్క చుట్టుకు లక్షల ఏళ్లు పడుతుంది. కంటితో చూసి ఎవరూ కనిపెట్టలేరు. అసలు ఇవి నిజంగా కట్టుబడి ఉన్నాయా, లేక ఒకే గుంపులో పక్కపక్కనే ప్రయాణిస్తున్నాయా అనే దానిపై శాస్త్రవేత్తల్లో చర్చ జరిగింది. రెండూ ఒకే దిశలో కదులుతున్నాయన్నది మాత్రం ఖాయం.

అసలు విశేషం వశిష్ఠుడి లోపలే ఉంది. 1617లోనే గెలీలియో టెలిస్కోప్‌లో చూసి, అది ఒకటి కాదు రెండు చుక్కలని రాసుకున్నారు. 1857లో హార్వర్డ్‌లో దీన్ని ఫొటో తీశారు. ఫొటోకి చిక్కిన మొదటి జంట నక్షత్రం ఇదే. 1889లో ఇంకో ట్విస్ట్. హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్ ఎడ్వర్డ్ పికరింగ్ బృందం పెద్ద చుక్క వర్ణపటాన్ని పరిశీలిస్తుంటే, గీతలు కొన్ని రోజులు ఒకటిగా, కొన్ని రోజులు రెండుగా చీలి కనిపించాయి. అంటే ఒక నక్షత్రం మనవైపు వస్తుంటే ఇంకోటి దూరంగా వెళ్తోందన్నమాట. ఏ టెలిస్కోప్‌లోనూ విడిగా కనిపించని జంటను ఇలా వెలుగును విడగొట్టి పట్టుకోవడం అప్పట్లో పెద్ద సంచలనం. ఆ పరిశీలనల్లో ఆంటోనియా మోరీ అనే మహిళా శాస్త్రవేత్త పని కీలకం. ఆ జంట ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు 20న్నర రోజులు పడుతుందని తర్వాత తేలింది. 1908లో రెండో చుక్క కూడా జంటేనని బయటపడింది. దాని చుట్టు సుమారు 176 రోజులు.

అలా వశిష్ఠుడు ఒక్కడే నలుగురు! అరుంధతి మాత్రం 2009 దాకా ఒంటరే అనుకున్నారు. ఆ ఏడాది రెండు వేర్వేరు బృందాలు ఆమె పక్కన మసకగా ఉన్న ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రాన్ని గుర్తించాయి. దాంతో లెక్క ఆరుకి చేరింది.

ఇవి మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఈ ఏడాది పెళ్లికొడుకు కంట్లో పడే ఆ వెలుగు, దాదాపు వాళ్ల తాతగారు పుట్టిన రోజుల్లో బయల్దేరినది. అరుంధతీ వశిష్ఠులను విడివిడిగా స్పష్టంగా చూడాలంటే మామూలు బైనాక్యులర్స్ చాలు. వశిష్ఠుడిలోని రెండు చుక్కలు కనిపించాలంటే చిన్న టెలిస్కోప్ ఉండాలి.