జ్ఞాపకం ఎక్కడ దాగి ఉంటుంది?

పొద్దున చాయ్ తాగిందో లేదో చెప్పలేని నానీ, యాభై ఏళ్ల కిందటి తన నికాహ్‌కు ఎవరెవరు వచ్చిందీ, ఏ ఊరినుంచి వచ్చిందీ పూసగుచ్చినట్లు చెబుతుంది. మన ఇళ్లలో చాలామందికి అనుభవమైన సంగతే ఇది. పాతది నిలిచి కొత్తది జారిపోవడం ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారి చరిత్ర చాలా పెద్దది. అందులో కొంత సభ్యుల ముందు ఉంచుతున్నాము.

సుమారు 1025లో పూర్తయిన 'అల్ ఖానూన్' వైద్య గ్రంథంలో ఇబ్న్ సీనా మెదడు లోపలి గదులకు తలా ఒక పని అప్పగించాడు. కళ్లూ చెవులూ తెచ్చేది ముందు గదికి, ఆలోచన నడిమి గదికి, జ్ఞాపకం వెనుక గదికి. ఆ గదుల్లో ఉండేది ద్రవమేనని మనకిప్పుడు తెలుసు. అయినా వేర్వేరు శక్తులకు వేర్వేరు చోట్లుంటాయన్న ఆలోచన మాత్రం వృథా పోలేదు. 1587లో ఇటలీకి చెందిన అరాంజీ, మెదడులో చెవుల లోతట్టున ఉన్న ఒక వంపు భాగానికి గుర్రపు తల ఉండే సముద్రపు చేప పేరు పెట్టాడు. అదే హిప్పోకాంపస్. దాని పని ఏమిటో తేలడానికి ఒక మనిషి జీవితం బలికావలసి వచ్చింది.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హెన్రీ మొలైసన్ అనే యువకుడు మూర్ఛలతో నానా బాధలు పడేవాడు. మందులు పనిచేయలేదు. 1953లో, అతనికి 27 ఏళ్లప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆపరేషన్ చేసి రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్నీ, పక్కనున్న కొంత మెదడునూ తీసివేశాడు. మూర్ఛలు తగ్గాయి. కాని ఆనాటినుంచి కొత్త విషయమేదీ అతని మనసులో నిలవలేదు. తల్లిదండ్రులు తెలుసు, చిన్ననాటి సంగతులు తెలుసు, తెలివి ఏమాత్రం తగ్గలేదు. ఇప్పుడు పరిచయమైన డాక్టరు బయటికి వెళ్లి లోపలికి వస్తే మాత్రం కొత్త మనిషే. ఇష్టమైన మామయ్య చనిపోయాడని చెబితే కుమిలిపోయాడు. తర్వాత ఆ సంగతే మరచి, మామయ్య ఎప్పుడొస్తాడని అడిగేవాడు. ఇలాంటి ఆపరేషన్ చేయవద్దని తర్వాత స్కోవిల్ గారే తోటి సర్జన్లను హెచ్చరించారు.

అతన్ని పరీక్షించిన బ్రెండా మిల్నర్ ఒకసారి 584 అనే అంకె గుర్తుంచుకోమన్నారు. పావుగంట తర్వాత సరిగ్గా చెప్పాడు. ఆ అంకెను లోలోపల వల్లెవేస్తూ, కూడుతూ తీసివేస్తూ పట్టుకొని కూర్చున్నాడట! ధ్యాస మళ్లిందో లేదో, అంకె ఇచ్చిన సంగతి కూడా పోయింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమంటే ఇంకో వింత. మూడు రోజుల్లో చెయ్యి బాగా కుదిరింది, కాని ఇదివరకు గీసినట్టే అతనికి గుర్తు లేదు. చేతి పనితనం నిలిచే చోటు వేరన్నమాట.

2008లో 82వ ఏట చనిపోయేదాకా లోకానికి అతను ఎచ్.ఎం. అనే రెండక్షరాలే. పేరు ఆ తర్వాతే బయటపెట్టారు.

ఇక మన నానీ సంగతి. కొత్త జ్ఞాపకాన్ని కుదురుగా నిలబెట్టడానికి హిప్పోకాంపస్ కావాలి. కాలం గడిచేకొద్దీ ఆ జ్ఞాపకం మెదడు పైపొరల్లో విస్తరించి వేళ్లూనుతుంది. అల్జీమర్స్ జబ్బు మొదట్లోనే పాడుచేసేది హిప్పోకాంపస్ పరిసరాలను. అందుకే ఈ పొద్దుటి చాయ్ పోతుంది, నికాహ్ పందిరి నిలుస్తుంది. 1973లో బ్లిస్, లోమో అనేవారు కుందేళ్ల హిప్పోకాంపస్‌లో నరాల దారిని విద్యుత్తుతో గట్టిగా ప్రేరేపిస్తే, ఆ నరాల మధ్య సంబంధం గంటల తరబడి బలంగా ఉండిపోయిందని చూపించారు. నలుగురూ నడిస్తే కాలిబాట పడినట్లన్నమాట.

గుర్తు తెచ్చుకోవడంలోనూ ఓ తిరకాసుంది. 2000లో న్యూయార్క్‌లో ఎలుకలపై పరీక్షలు చేసిన కరీం నాదర్ బృందం, పాత భయాన్ని గుర్తుచేసినప్పుడు ఆ జ్ఞాపకం కొంతసేపు మెత్తబడుతుందనీ, మళ్లీ గట్టిపడాలనీ కనుగొంది. ఆ వేళ మందుతో అడ్డుకుంటే భయమే పోయింది. మనుషుల విషయంలో వాదనలు ఇంకా తెగలేదు. అయినా చెప్పిన ప్రతిసారీ జ్ఞాపకంలో కొంత మారుతుందనే మాట మనకు తెలియనిది కాదు. పోయినేడు పెళ్లివారు నాలుగు బండ్లలో వచ్చారన్న నానీ, ఈ ఏడు ఆరు బండ్లంటుంది. పిల్లలు నవ్వుతారు. ఆమె అబద్ధమాడడం లేదు, ఆరు బండ్లూ ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి.