రాగ వివాదమూ – మా అభిమానమూ

చెన్నపట్నంలో కచేరి ముగియగానే దానిమీద తర్కం మొదలవుతుంది. ఇది నేటి అలవాటు కాదు. ఇక్కడ 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసింది. 1930వ దశకంలో 'కల్కి' కృష్ణమూర్తిగారు 'కర్నాటకం' అనే మారుపేరుతో 'ఆనంద వికటన్' పత్రికలో కచేరీల గుణదోషాలు వ్రాసేవారు. పాటను ప్రేమించే ఊళ్ళో విమర్శకు ఏనాడూ కొదువ లేదు. అయితే ఆ విమర్శ మనవారి మీదికి వచ్చినప్పుడు మేము ఏమి చేశామో ఈ ఉగాదినాడు ఒకసారి తలచుకొనడం మంచిది.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో గోదావరి సీమలోని శంకరగుప్తంలో జన్మించారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. అంటే త్యాగరాజస్వామి శిష్యపరంపరలోనివారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్నది చిరకాలపు నియమం. ఆయన నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలనూ, మూడింటితో సర్వశ్రీనీ కల్పించారు. మహతి 1975లో 'అపూర్వ రాగంగళ్' అనే తమిళ చిత్రంలోకి కూడ ఎక్కింది.

1980వ దశకంలో ప్రసిద్ధ వైణికులు ఎస్. బాలచందర్‌గారు ఈ కొత్త రాగాలను తీవ్రంగా ఆక్షేపించారు. స్వరాల వరుస వేరు, రాగం వేరు. సంచారమూ గమకమూ భావమూ కూడితేనే రాగమన్నది సంప్రదాయజ్ఞుల వాదం.

మేము ఆ వాదాన్ని చెవిని పెట్టలేదు. "తెలుగువాడని ఓర్వలేక అంటున్నారు" అన్నాము. "చేతనైతే తాను పాడి చూపమనండి" అన్నాము. కాని అదే దశకంలో బాలచందర్‌గారు స్వాతితిరునాళ్ కృతులు నిజంగా ఆ మహారాజువేనా అని కూడ ప్రశ్నించారు. అది తెలుగుమీది కోపం ఎట్లా అవుతుంది? మరొక విచిత్రం చూడండి. గురువు లేకుండా స్వయంగా వీణ నేర్చినవారు సంప్రదాయం కోసం పోరాడారు. గురుపరంపర గలవారు కొత్త దారి తొక్కారు.

ఆవేశం చల్లారిన తరువాత మాలో కొందరం ఆ ఆక్షేపణను మనసులో ఉంచుకొనే మహతిని మళ్ళీ విన్నాము. నాలుగు స్వరాలలో ఆలాపనకు చోటు తక్కువే అనిపించింది. ఆ ఇరుకులోనే ఆయన గాత్రం ఎంత హాయిగా సంచరించిందో కూడ అప్పుడే తెలిసింది. తగవులాడినంతకాలం ఈ రెండూ మాకు తెలియలేదు. మా అభిమానమా, వీసమంత తగ్గలేదు.

బాలచందర్‌గారు 1990లో, బాలమురళిగారు 2016లో దివంగతులైనారు. మన పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడి సభలలోనే పాట వింటున్నారు. మనవారి పాటలో ఎవరైనా లోపం ఎంచితే జగడానికి పోక, ముందు ఆ పాటను మరొకసారి వినమని వారికి చెప్పుదాము. ఉగాది పచ్చడిలో వేపపూత ఏరి పారవేసి తినము గదా!