ఏప్రిల్ 14 వెనక ఉన్న ఓడ

ఏప్రిల్ 14 అనగానే మనకి అంబేడ్కర్ జయంతి గుర్తొస్తుంది. అదే రోజు అగ్నిమాపక దినం కూడా. ఎందుకో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

1944. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ ఆగి ఉంది. లోపల పత్తి బేళ్లు, బంగారు కడ్డీలు, సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. అసలు పత్తినీ మందుగుండునీ ఒకే ఓడలో ఎవరైనా పెడతారా? యుద్ధకాలం కదా, పెట్టారు.

మధ్యాహ్నం పొగ కనబడింది. ఫైర్ సిబ్బంది వచ్చి 900 టన్నులకి పైగా నీళ్లు కొట్టారు. నిప్పు ఎక్కడుందో ఆ పొగలో అంతుపట్టలేదు. పోసిన నీళ్లే సలసలా మరిగిపోయాయి. ఓడని బయటికి లాగాలా, ఉన్నచోటే ముంచాలా అన్నది పైవాళ్లు తేల్చుకోలేకపోయారు. నన్నడిగితే ఆ మనుషుల్ని చంపింది మంట ఒక్కటే కాదు, ఈ తాత్సారం కూడా.

3:50కి ఓడ వదిలేయమన్నారు. 4:06కి పేలింది. అరగంటకి మళ్లీ ఇంకోటి. 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు.

ఈ సంగతి బయటి ప్రపంచానికి ముందు చెప్పిందెవరో తెలుసా? జపాన్ చేతిలో ఉన్న సైగాన్ రేడియో, మర్నాడే. సెన్సారు వల్ల ఇక్కడి విలేకరులకి మే రెండో వారం దాకా అనుమతే దొరకలేదు.