పదహారు ఛాయల పలువరుస

చిక్కడపల్లి మెట్రో దిగి నారాయణగూడ వైపు నడుస్తుంటే పళ్ళ డాక్టర్ల బోర్డులు కనిపిస్తాయి. పక్కనే అశోక్ నగర్. గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ తయారయ్యే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ, సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా చదువుకునే పేట అది. వాళ్ళలో ఎవరికైనా ముందు పన్ను విరిగిందనుకోండి. డాక్టరు డ్రిల్లు ముట్టుకోక ముందే ఒక పట్టీ తీస్తారు. దానికి వరసగా 16 నమూనా పళ్ళు ఉంటాయి, ఒక్కోదానికి ఎ1, బి2, సి3 అంటూ ఒక గుర్తు. దాని పేరు షేడ్ గైడ్. దాన్ని పెదవి దగ్గర పెట్టి, పక్క పంటితో పోల్చి, ల్యాబ్ చీటీ మీద ‘ఎ3’ అనో ‘ఎ2’ అనో రాస్తారు. ఆ చిన్న గుర్తు పుట్టడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

పింగాణీ పన్ను

పెట్టుడు పన్ను అసలు పళ్ళలో కలిసిపోవాలన్న కోరిక అన్ని చోట్లా, అన్ని కాలాల్లో ఉన్నది కాదు. మన ఊళ్ళలో బంగారు పన్ను కట్టించుకున్నవాళ్ళు దాన్ని నలుగురికీ కనపడేలా నవ్వేవారు. దక్కనీ ముస్లిం ఇళ్ళలో స్త్రీలు మిస్సీ అనే పొడి రాసి పళ్ళనూ చిగుళ్ళనూ నల్లబరుచుకోవడం ఒకప్పటి అలంకారం.

ఐరోపాలో సంపన్నులు మాత్రం అసలు పళ్ళలా కనిపించేవి కావాలనుకున్నారు. నీటిగుర్రం దంతంతో చెక్కించుకున్నారు. చనిపోయినవాళ్ళ పళ్ళు కొనుక్కున్నారు. 1815లో వాటర్లూ యుద్ధభూమిలో పడిపోయిన సైనికుల నోళ్ళలోంచి ఊడబెరికిన పళ్ళు కూడా సంతకెక్కాయి. దంతంతో చేసినవి నోట్లో రంగు మారి వాసన కొట్టేవి. ఆ బాధ పడలేక 1774 ప్రాంతంలో అలెక్సీ దుషాతో అనే ఫ్రెంచి మందుల వ్యాపారి పింగాణీతో పళ్ళ సెట్టు చేయించాలని చూశాడు. పింగాణీ కాలితే కుంచించుకుపోతుంది కాబట్టి కొలత కుదరడమే కష్టమైంది. పారిస్ దంతవైద్యుడు నికొలా దుబ్వా ద షెమాఁ ఆ పద్ధతిని మెరుగుపరిచి 1789లో రాజుగారి నుంచి పేటెంట్ పొందాడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో లండన్ చేరి అక్కడ వ్యాపారం సాగించాడు. 1808లో ఇటలీకి చెందిన జూసెప్పాంజెలో ఫొంజీ ప్లాటినం కొక్కెం అమర్చి విడి పింగాణీ పళ్ళు చేశాడు. పళ్ళు విడివిడిగా తయారవడంతో ఒక్కో పంటికి ఒక్కో ఛాయ ఎంచుకునే వీలు దొరికింది.

1903లో అమెరికాలోని డెట్రాయిట్‌లో చార్లెస్ లాండ్ పలచటి పింగాణీ తొడుగును ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు మనం సెరామిక్ క్యాప్ అంటున్నదానికి పూర్వీకుడు అదే. పళ్ళన్నీ పోయి మొత్తం సెట్టు పెట్టుకునేవాళ్ళకు ఏ ఛాయ అయినా చెల్లుతుంది. ఒక్క పంటికి క్యాప్ వేస్తే మాత్రం పక్కనే దేవుడిచ్చిన పన్ను సాక్షిగా నిలబడి ఉంటుంది. రంగు కుదర్చడమనే అసలు సమస్య అక్కడ మొదలైంది.

రంగుకు గుర్తు

దంతవైద్యుడు నోటిని చూస్తాడు, పన్ను ల్యాబ్‌లో తయారవుతుంది. చేసేవాడు రోగిని చూడడు. ‘కొంచెం పసుపు, అంత తెలుపు కాదు’ అని రాసి పంపితే అతనికి ఏం అర్థమవుతుంది? 1905లో అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ ఏ రంగునైనా మూడు గుణాలుగా విడగొట్టాడు. ఒకటి వన్నె, అంటే ఎరుపా పసుపా అన్నది. రెండు వెలుగు, అంటే ఎంత తేట, ఎంత ముదురు అన్నది. మూడు చిక్కదనం. 1931లో ఇ. బ్రూస్ క్లార్క్ అనే దంతవైద్యుడు ఇదే చూపుతో పళ్ళ రంగులను విశ్లేషించి, 60 ఛాయల సొంత గైడ్ తయారుచేశాడు.

జర్మనీలో 1924లో మొదలైన వీటా కంపెనీ 1956లో లూమిన్ వాక్యూమ్ అనే గైడ్ తెచ్చింది. 1983లో వచ్చిన వీటాపాన్ క్లాసికల్‌లోవే ఇప్పుడు మన క్లినిక్కుల్లో వినిపించే గుర్తులు. ఎ వరస ఎరుపు కలిసిన గోధుమ, బి ఎరుపు కలిసిన పసుపు, సి బూడిద, డి ఎరుపు కలిసిన బూడిద. అంకె పెరిగేకొద్దీ ముదురు. తేటదనాన్ని బట్టి పేర్చితే బి1 మొదట, సి4 చివర. అయితే కంటికి ముందుగా పట్టేది వన్నె తేడా కంటే వెలుగు తేడా. అందుకే 1998లో అదే కంపెనీ 3డి-మాస్టర్‌ను తెచ్చింది. ముందు వెలుగు, తర్వాత చిక్కదనం, చివర వన్నె ఎంచుకోవాలని దాని పద్ధతి.

ఈలోగా పంటి గుంతల్లో నింపే పూరకాలూ మారాయి. 1955లో మైకేల్ బ్యూనోకోర్ పంటి ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం గట్టిగా పట్టుకుంటుందని చూపాడు. రఫేల్ బోవెన్ రూపొందించిన రెసిన్‌కు 1962లో పేటెంట్ వచ్చింది. వెండిరంగు లోహపు పూరకానికి బదులు పంటి రంగు ఫిల్లింగ్ అలా సాధ్యమైంది. ఈ వైద్యం మన దగ్గర కూడా ఆ రోజుల్లోనే కుదురుకుంటోంది. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. 1959లో హైదరాబాద్‌లో ప్రభుత్వ దంత కళాశాల మొదలైంది. అఫ్జల్‌గంజ్‌లోని ఆ కళాశాల ఆసుపత్రి ఇప్పటికీ పేదవాళ్ళ పంటి నొప్పికి పెద్ద దిక్కు.

పంటి లోపలి వెలుగు

ఇంత శ్రమ ఎందుకంటే పన్ను గోడకు వేసిన సున్నం లాంటిది కాదు. పైనున్న ఎనామిల్ సగం పారదర్శకం. లోపలి డెంటిన్ పసుపు దాని గుండా కనిపిస్తుంది. చిగురు దగ్గర ఎనామిల్ పలచన, అందుకే అక్కడ పసుపు ఎక్కువ. కొన దగ్గర వెనక డెంటిన్ ఉండదు, అక్కడ నీలిబూడిద ఛాయ. కోరపన్ను ముందు పళ్ళ కంటే ఎప్పుడూ ముదురే. అతినీలలోహిత కాంతిలో అసలు పన్ను నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపు కోసం ఒకప్పుడు దంత పింగాణీలో కొద్దిగా యురేనియం కలిపేవారు. 1980ల నాటికి దాన్ని వదిలేసి వేరే ఖనిజాలకు మారారు.

వెలుతురు చేసే మోసం ఇంకొకటి. ట్యూబులైటు కింద అచ్చు కుదిరిన క్యాప్ వీధిలోకి వచ్చేసరికి వేరుగా కనిపించవచ్చు. ఇరుకు సందులో కిటికీ లేని క్లినిక్కులో ఈ చిక్కు మరీ ఎక్కువ. అందుకే అనుభవమున్న డాక్టర్లు రోగిని పగటి వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తారు. లిప్‌స్టిక్ తుడవమంటారు. నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరి తెల్లబడుతుంది కాబట్టి, పని మొదలుపెట్టక ముందే ఛాయ ఎంచుతారు. తదేకంగా చూస్తే కన్ను అలిసిపోతుంది, కొన్ని క్షణాలు చూసి చూపు తిప్పేస్తారు.

గైడ్‌లో లేని రంగు

ఈ చరిత్రలో మన పేజీ వేరే ఉంది. 1931లోనే, క్లార్క్ పళ్ళ రంగులు లెక్కగడుతున్న ఏడాదే, అమెరికాలో హెచ్.వి. చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త పళ్ళ మీద గోధుమ మచ్చలకు తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని తేల్చాడు. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలు వంగి, కీళ్ళు బిగుసుకున్న మనుషుల గురించి రాశారు. ఆ ప్రాంతం చాలావరకు ఆ పైన ప్రకాశం జిల్లాలోకి వెళ్ళింది. అదీ ఫ్లోరైడ్ తెచ్చే జబ్బే, పేరు ఫ్లోరోసిస్. తర్వాత ఫ్లోరోసిస్ అంటే నల్లగొండ పేరే దేశమంతా మోగింది. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే చవక పద్ధతికి కూడా నల్లగొండ టెక్నిక్ అనే పేరు.

ఎనామిల్ పిల్లలకు ఎనిమిదేళ్ళు వచ్చేలోపే చాలావరకు తయారవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్ళు పంటి మీద సుద్దరంగు చారలుగా, గోధుమ మచ్చలుగా జీవితాంతం మిగిలిపోతాయి. 2016లో మిషన్ భగీరథ మొదలై నదుల నీళ్ళు ఊళ్ళకు రావడం గొప్ప మార్పు. అంతకు ముందే పెరిగినవాళ్ళ పళ్ళను మాత్రం అది మార్చలేదు. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి అశోక్ నగర్ చేరిన ఇరవై అయిదేళ్ళ అభ్యర్థికి పన్ను విరిగితే, 16 ఛాయల్లో ఏదీ అతని పంటికి పూర్తిగా సరిపోదు. గైడ్‌లోని ప్రతి నమూనా మచ్చలేనిదే మరి.

అప్పుడు పని చేసేది టెక్నీషియన్ చెయ్యి. పంటి మీద చారలు ఎక్కడున్నాయో బొమ్మ గీసి, ఫోటో తీసి పంపితే అతను సన్నటి కుంచెతో పింగాణీ మీద ఆ చారలే దిద్ది కాలుస్తాడు. మచ్చలే పోవాలనుకుంటే ఆమ్లంతో పైపొర గీకడం, రెసిన్ ఇంకించడం వంటి దారులున్నాయి. ఏది కావాలో తేల్చుకోవలసింది రోగి. చుట్టూ మచ్చలు ఉంచుకుని మధ్యలో ఒక్కటి మాత్రం మెరిసే తెల్లటిది పెడితే అది ఊరంతటికీ పెట్టుడు పన్నని చాటుతుంది.

ఇప్పుడు పంటికి తాకించగానే ఛాయ చెప్పే యంత్రాలు వచ్చాయి. 1976లో అంతర్జాతీయ కాంతి సంఘం స్థిరపరచిన, రంగును అంకెల్లో చెప్పే విధానమే వాటికి ఆధారం. అవి కన్ను పొరపడే చోట సాయం చేస్తాయి. మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, మనిషి నవ్వితే ఎంత పన్ను కనిపిస్తుందో మాత్రం చూసేవాడే చూడాలి. కాబట్టి క్యాప్ వేయించుకునేవాళ్ళు పగటిపూట వెళ్ళండి. ఛాయ మీకు చూపించమని అడగండి, బయట వెలుతురులో అద్దం పట్టుకుని చూసుకోండి, శాశ్వతంగా అతికించక ముందే ‘ఇది నా పన్నేనా’ అని తేల్చుకోండి. తెల్లటి పన్ను డబ్బుకు దొరుకుతుంది. మీ పన్నులా ఉండే పన్ను, డాక్టరూ టెక్నీషియనూ మీరూ ముగ్గురూ ఓపిగ్గా చూస్తేనే దొరుకుతుంది.