కరిసల్ నేలలో గోడ తడి

తమిళనాడులోని కోవిల్‌పట్టి శివారు. స్లాబు పడి, పూతకు సిద్ధమైన ఇంట్లోకి అడుగుపెట్టారు మీరు. బయట నల్లరేగడి, ఇక్కడివాళ్ళ కరిసల్, చెయ్యి పట్టేంత బీటలిచ్చి ఉంది. లోపల ఇటుక గోడల మీద అప్పుడే నీళ్ళు చల్లారు. తడి ఇటుక వాసన కమ్మగా తగులుతోంది.

మేస్త్రి గుండు వేలాడదీసి, గోడ మీద అక్కడక్కడా మాలు ముద్దలు అంటించి మందం గుర్తు పెట్టుకున్నాడు. 12 మిల్లీమీటర్లు. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళు ఎమ్‌శాండ్, అంటే రాతిని పిండి చేసిన ఇసుక. తాపీతో మాలు విసిరితే చప్‌మని అంటుకుంటోంది. గజంబద్దను ఊపుతూ కింది నుంచి పైకి లాగుతుంటే ఎక్కువైనదంతా మీ కాళ్ళ దగ్గర రాలిపడుతోంది. పల్లం కనిపించిన చోట మళ్ళీ మాలు, మళ్ళీ బద్ద.

"ఎన్ని నాళ్ళు తడపాల మేస్త్రీ?" ఇంటి పెద్దావిడ తెలుగులోనే అడిగింది. తమిళ రచయిత కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసెవల్ ఇక్కడికి దగ్గరే. ఆయన ఇంట్లోలాగే ఈ ఇంట్లోనూ మాట తెలుగు.

"తక్కువలో తక్కువ ఏడు నాళ్ళు, అవ్వా."

ఆవిడ మాట్లాడలేదు. ఈ ఊరికి తాగునీరే సీవలపేరి దగ్గర తామ్రపర్ణి నుంచి గొట్టాల్లో రావాలి. ట్యాంకరు నీళ్ళు కొని గోడకు పొయ్యడమంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. తడపకపోతే మాత్రం సిమెంటు గట్టిపడక ముందే ఎండ గోడలోని తేమను లాగేస్తుంది. పూత సన్నసన్నగా నెర్రెలిచ్చి, గోరు తగిలితే ఇసుక రాలుతుంది.

44వ నెంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి సాగండి. సాత్తూరు దాటి విరుదునగర్ చేరేలోపే రామసామి రాజా నగర్ సిమెంటు కర్మాగారం ఉంది. రాజపాళయం తెలుగు రాజుల బిడ్డ పి.ఎ.సి. రామసామి రాజా 1957లో నెలకొల్పిన మద్రాస్ సిమెంట్స్‌కు అదే తొలి కర్మాగారం.

విరుదునగర్‌లో ఒక మేడ మీద ఆఫీసు గదికి జిప్సం బోర్డులతో అడ్డుగోడ కడుతున్నారు. ఇనుప చట్రం, స్క్రూలు, బోర్డులు; నీళ్ళ బక్కెట్టు ఊసే లేదు. అమెరికాలో ఆగస్టిన్ సాకెట్ 1894లో పేటెంటు పొందిన పలకకు వారసులివి. ఇక్కడ గోడంతా మెత్తరు, అతుకుల్నీ స్క్రూ తలల్నీ మాత్రం కనబడకుండా చేస్తారు. పనివాడు అతుకులో ముద్ద నింపి, కాగితం టేపు పరిచి, వెడల్పాటి రేకుతో ఒత్తాడు. ఆరాక ఇంకొంచెం వెడల్పుగా రెండో పూత, దాని మీద మూడోది. గరుకు కాగితంతో రుద్దుతుంటే తెల్లటి ధూళి మీ కనుబొమల మీదా వాలుతోంది. బల్బును గోడ వారగా పట్టాడు. ఏటవాలు వెలుగులో అతుకు గీత ఒకటి తేలింది. మళ్ళీ పూత.

"సాయంత్రానికి రంగు కొట్టేద్దామా?" యజమాని తొందరపడుతున్నాడు.

"ఆరనీయండి సార్. లేకుంటే ఈ గీత రంగులోంచి బయటపడుతుంది."

రేపు మార్చుకోదలచిన అడ్డుగోడకు బోర్డు మంచిదే. నీళ్ళు తగిలే వంటింటికీ, బయటి గోడలకూ, తరతరాలు ఉండాల్సిన ఇంటికీ సిమెంటు పూతే నా ఓటు. అయితే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన బీట పూత తప్పు కాదు. వానకు ఉబ్బి ఎండకు కుంగే కరిసల్ మీద పునాది కదిలిందని దానర్థం. పైన బోర్డు బిగించినా అది ఆగదు.

కోవిల్‌పట్టి వైపు ఇల్లు కట్టించేవారికి ఒక్క మాట: మేస్త్రితో కూలి మాట్లాడిన రోజే ఏడు రోజుల ట్యాంకరు నీళ్ళకూ డబ్బు పక్కన పెట్టండి.