పూరీ తీరంలో మన తెలుగువాళ్లు, సముద్రపు తాబేళ్లు: ఒక అనువాదం కథ

మాది చందర్లపాడు. నందిగామ నుంచి కృష్ణ వైపు వచ్చే దారిలో ఉంటుంది. పత్తి, మిరప పండే నల్లరేగడి ఊరు. మా మండలం అంచున కృష్ణానది, ఆవలి ఒడ్డున అమరావతి. సముద్రం మాకు వంద కిలోమీటర్ల పైమాటే. మరి నువ్వు సముద్రపు తాబేళ్ల గురించి మాట్లాడటమేంటి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా పక్కనుంచి పోయే ఈ నీళ్లే హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఆ ఇసుక మీదికి ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అయితే ఈ ఎపిసోడ్ అక్కడ మొదలుకాలేదు, పూరీలో మొదలైంది.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లోవాళ్లతో జగన్నాథుడి దర్శనానికి వెళ్లాను. సాయంత్రం సముద్రం ఒడ్డున నడుస్తుంటే వెనక నుంచి తెలుగు వినపడింది. యాత్రికులేమో అనుకున్నాను. చూస్తే వల బాగుచేసుకుంటున్న మనుషులు. ఒక పెద్దాయన పక్కన కూర్చుని, "తాతా, మీదే ఊరు?" అన్నాను. "ఇదే మా ఊరు బాబూ. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వొచ్చినారట" అన్నాడు. ఆయన ఉండే పేట పేరు పెంటకోట. ఆ పేరు వినగానే మనకు పాయకరావుపేట దగ్గరి పెంటకోట గుర్తొస్తుంది.

పూరీలో సముద్రం మీద వేటకు వెళ్లే తెలుగువాళ్లను ఒడియావాళ్లు నొలియాలు అంటారు. అందులో ఎక్కువమంది వాడబలిజలు. పూరీ ఒడ్డున తెల్లటి శంకువు టోపీలు పెట్టుకుని, మునిగేవాళ్లను కాపాడే మనుషుల ఫొటోలు మీరు చూసే ఉంటారు. వాళ్లూ నొలియాలే. ఒడియా జాలర్లలో చాలామందికి నదీముఖాల్లో, చిలకలాంటి సరస్సుల్లో వేట అలవాటు. ఎగిసిపడే కెరటాలను దాటి తెప్ప మీద నడిసముద్రానికి పోవడం మనవాళ్ల విద్య. మొదట సీజనుకు వచ్చి, తర్వాత గుడిసెలు వేసుకుని, తరాలుగా అక్కడే ఉండిపోయారు.

ఈ దారి కూడా కొత్తది కాదండి. పూరీ ఆలయాన్ని పన్నెండో శతాబ్దంలో కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడి వంశానికి పాత రాజధాని మన శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం. తర్వాత రాజధాని కటకానికి మారింది. ఆ రాజుల కాలపు శాసనాలు శ్రీకూర్మం గుళ్లో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ దేవుడు కూర్మనాథుడు, అంటే తాబేలు రూపంలోని విష్ణువు. ఇక గంజాం ప్రాంతమైతే 1936 ఏప్రిల్ 1 దాకా మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఆ రోజు ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పూరీకి వెళ్లినవాళ్లు నిజంగా వలస వెళ్లినవాళ్లు. గంజాం తీరంలోని తెలుగు జాలర్లు మాత్రం కదల్లేదు, సరిహద్దు కదిలింది. రెండు రకాలవాళ్లూ చివరికి ఒకే చోట తేలారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సర్కారు కాగితం మాత్రం తాము చదవలేని లిపిలో.

ఇప్పుడు తాబేలు దగ్గరికి వద్దాం. ఆలివ్ రిడ్లే ఒక్కో విడతలో వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. నలభై ఐదు, అరవై రోజుల మధ్య పిల్లలు బయటికొస్తాయి. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒక్కటే అంటారు. లక్షల తాబేళ్లు కొద్ది రాత్రుల్లోనే ఒకే తీరానికి వచ్చి గుడ్లు పెడితే దాన్ని స్పానిష్ మాటతో అర్రిబాడా అంటారు, రాక అని అర్థం. ప్రపంచంలో ఇలా జరిగే చోట్లు చాలా తక్కువ. అందులో మూడు ఒడిశాలో ఉన్నాయి. గహిరమథ సంగతి 1974లో, దేవి నదీముఖం సంగతి 1981లో, గంజాం జిల్లాలోని రుషికుల్య సంగతి 1994లో శాస్త్రజ్ఞులు లోకానికి చెప్పారు. పుస్తకాల్లో వీటిని 'కనుగొన్నారు' అని రాస్తారు. రుషికుల్య పక్కన పొడంపేట, గోఖర్‌కుద లాంటి జాలరి పల్లెలున్నాయి. పొడంపేట అనే పేరులోనే మన 'పేట' ఉంది చూడండి. ఆ ఇసుక మీద పుట్టి పెరిగిన మనుషులకు తాబేళ్ల రాక కొత్త వార్తేం కాదు. కాకపోతే వాళ్లకు తెలిసినది వాళ్ల భాషలోనే ఉండిపోయింది.

తాబేలు నీళ్లలో ఉన్నా ఊపిరి కోసం పైకి రావాలి. ట్రాలర్ వల సముద్రం అడుగున చాలాసేపు ఈడ్చుకుంటూ పోతుంది. అందులో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. టేకు చేపల కోసం వేసే పెద్దకన్ను వలల్లో చిక్కినా అంతే. 1990ల నుంచి ఒడిశా తీరానికి ఏటా వేలల్లో తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి.

అంతకుముందు వేరే కథ ఉంది. ఒడిశా తీరం నుంచి తాబేళ్లను బండ్లలో, రైళ్లలో కలకత్తా మార్కెట్‌కు పంపిన రోజులున్నాయి. గహిరమథలో గుడ్లు ఏరుకోవడానికి 1970ల మొదట్లో సర్కారే లైసెన్సులిచ్చింది. తర్వాత 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోకి ఈ తాబేలు చేరింది. 1982లో ఒడిశా సముద్ర మత్స్య చట్టం వచ్చింది. 1997లో గహిరమథ సముద్ర అభయారణ్యమైంది. ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర ఇరవై కిలోమీటర్ల లోపల వేట నిషేధం.

వేట మీద బతికేవాడి వైపు నుంచి చూడండి. నిన్న లైసెన్సుతో అమ్మిన వస్తువు ఇవాళ ముట్టుకుంటే జైలు. ఏడు నెలలు ఫలానా నీళ్లలోకి పోకూడదు. ఎందుకో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో ఎవరు చెప్పాలి? ఏ మాటల్లో చెప్పాలి?

పూరీలో ఆ పెద్దాయనను నేనిదే అడిగాను. దగ్గర్లో ఒక బోర్డు ఉంది, ఒడియాలో, ఇంగ్లీషులో. "ఒడియా మాట్లాడతాం బాబూ. చదవడం మా మనవలకి వొచ్చు. అది చదివి చెప్పేసరికి పడవ నీటిలో ఉంటాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అనువాదం అంటే మనం సాధారణంగా అక్షరాలు మార్చడం అనుకుంటాం. బోర్డు మీద మూడో వరుసలో తెలుగు చేరిస్తే పనైపోతుందా? ఇరవై కిలోమీటర్లు అని తెలుగులో రాసినా, తెప్ప మీద ఉన్నవాడికి కిలోమీటరు రాయి కనపడదు. జాలరి లోతును బారల్లో కొలుస్తాడు. ఒడ్డున కనపడే గుడి, కొండ, దీపస్తంభం గుర్తుపెట్టుకుని ఎంత దూరం వచ్చాడో లెక్కేస్తాడు. నవంబరు 1 అనేదాని కన్నా కార్తీకం అంటే త్వరగా అర్థమవుతుంది. చట్టంలోని మాటను వాడి కొలతలోకి, వాడి క్యాలెండర్లోకి తేవాలి. అసలు అనువాదం అది.

ఈ విషయంలో ఒక పెద్ద తీర్పు కూడా ఉంది. ట్రాలర్ వలలో ఒక ఇనుప చట్రం బిగిస్తారు. దాని కడ్డీల సందుల్లోంచి రొయ్య వెనక్కి పోతుంది, తాబేలు మాత్రం చట్రానికి తగిలి పక్కనున్న తూములోంచి బయటపడుతుంది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో టెడ్ అంటారు. మనం తాబేలు తప్పించే చట్రం అందాం. అమెరికా ఈ చట్రం తమ రొయ్యల పడవలకు తప్పనిసరి చేసింది. 1989లో చట్టం చేసి, తాబేళ్లను కాపాడని దేశాల రొయ్యలు కొనమంది. ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. తాబేళ్లను కాపాడాలనుకోవడం న్యాయమేనంది. అయితే అమెరికా తన చుట్టుపక్కల దేశాలతో కూర్చుని మాట్లాడి ఒప్పందం చేసుకుంది, ఫిర్యాదు చేసిన దేశాలతో అలా మాట్లాడలేదు, ఆ వివక్ష తప్పు అంది. గమనించారా? ఉద్దేశం ఎంత మంచిదైనా, ఎవరి మీద రుద్దుతున్నామో వాళ్లతో మాట్లాడకపోవడం తప్పు. దేశాల మధ్య ఇది వర్తించినప్పుడు, ఒక ఆఫీసుకూ ఒక జాలరి పేటకూ మధ్య వర్తించదా?

ఆ అమెరికాలోనే ఇంకో సంగతి. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక అక్కడి నుంచి వెళ్లిన కుటుంబాలు చాలా టెక్సాస్, లూసియానా తీరాల్లో రొయ్యల వేటలో స్థిరపడ్డాయి. 1987లో చట్రం నిబంధనలొచ్చాయి. 1989లో రొయ్యల పడవలవాళ్లు ఓడరేవుల దారులకు పడవలు అడ్డం పెట్టి నిరసన చేశారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే ఒప్పుకోని విషయాన్ని, ఇంగ్లీషు సరిగా రాని కొత్తవాళ్లకు చెప్పాలంటే వాళ్ల భాషలోనే చెప్పాలి, పడవ దగ్గరికి పోయి చట్రం బిగించి చూపించాలి. మన దగ్గరా అదే ఇబ్బంది. చట్రం పెడితే పట్టులో కొంత జారిపోతుందన్నది మరపడవలవాళ్ల ఫిర్యాదు. అది అబద్ధం కాదు. అందుకే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన రొయ్యల వలలకు తగ్గట్టు, పట్టు తక్కువ జారేలా సొంత చట్రం తయారుచేసింది. ఫిర్యాదు విన్నారు కాబట్టే వచ్చిన చట్రం అది.

చెప్పే మాట ఎలా ఉండాలో గుజరాత్ నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. అక్కడ తిమింగల సొరచేపను నూనె కోసం, మాంసం కోసం చంపేవాళ్లు. 2001లో చట్టం నిషేధించింది. 2004లో మొరారి బాపు దాన్ని పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురితో పోల్చి ప్రచారం చేశారు. 'వ్హాలీ' అని పేరు, అంటే ప్రియమైనది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను ఎవరైనా చంపుకుంటారా? ఆ మాట జాలర్లకు తగిలింది. వలలో పడితే వల కోసి వదలడం మొదలుపెట్టారు. ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. వెరావల్ పడవ యజమాని గుజరాతీ. వల లాగే కళాసీల్లో మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు చాలామంది. 2018లో పాకిస్తాన్ పట్టుకుని, 2020 జనవరిలో వదిలిపెట్టింది వాళ్లలాంటి వాళ్లనే. కత్తి తీసి వల కోయాల్సింది కళాసీ. కాబట్టి ఆ మాట యజమానికి అర్థమైతే సరిపోదు, వాడికీ అర్థం కావాలి.

ఒడిశాలో బాగా జరిగింది ఏంటంటే, గంజాం జిల్లాలో మత్స్యకార ఆడవాళ్లు సంఘాలు కట్టుకుని ఒక సమాఖ్యగా ఏర్పడ్డారు. పేరు 'సముద్రం'. ఆ మాట తెలుగు చెవికి తెలుగు, ఒడియా చెవికీ పరాయిది కాదు. ఎవరికీ అనువాదం అక్కర్లేదు. వాళ్లు చేపలు ఎండబెట్టి అమ్ముకుంటూనే తాబేళ్ల రక్షణలోనూ పనిచేశారు. 2010లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. రుషికుల్య పక్క పల్లెల కుర్రాళ్లు కూడా కమిటీ పెట్టుకుని, రాత్రిళ్లు కాపలా కాసి, దీపాల వెలుగుకు దారితప్పిన పిల్లలను సముద్రంలోకి చేర్చారు. 2025 ఫిబ్రవరిలో ఆ ఒక్క తీరంలోనే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి.

అయితే ఈ మాట రెండువైపులా నడవాలండి. జాలరి వినడమే కాదు, అతను అడిగిందీ పైకి చేరాలి. ఒడిశా చట్టం ప్రకారం ఒడ్డు నుంచి అయిదు కిలోమీటర్లు సంప్రదాయ జాలర్లవి. 'ఆ నీళ్లలోకి ట్రాలర్లు వస్తుంటే ఎవరు ఆపుతున్నారు, తాబేళ్లను చంపేది వాళ్లు, పస్తులుండేది మేమా?' అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నను తెలుగులోంచి ఒడియాలోకి, ఆఫీసు కాగితం మీదికి తేవడం కూడా అనువాదమే. అది జరక్కపోతే మిగిలేది హుకుం మాత్రమే. హుకుంతో భయం పుడుతుంది. చీకటి పడ్డాక, చూసేవాడు లేని చోట భయం ఎంతసేపు పనిచేస్తుంది? నడిసముద్రంలో వలలో చిక్కిన తాబేలును చూసేది ఆ పడవలోని నలుగురే.

పొడంపేట ఊరు చాలావరకు సముద్రం కోతలో పోయింది. ఆ మనుషులు మరోసారి ఇళ్లు కట్టుకోవాల్సి వచ్చింది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను తింటున్నదీ ఆ కోతే. ఈ సంగతిలో ఇద్దరిదీ ఒకే కష్టం.

పూరీ నుంచి తిరిగొచ్చాక మా ఊరు కొంచెం వేరేగా కనపడింది. మిరప కోతల కాలంలో మా చేలల్లోకి బయటి రాష్ట్రాల కూలీలు వస్తారు. చేను గట్టు మీద పురుగుమందు డబ్బా ఉంటుంది, దాని మీద పుర్రె బొమ్మ, సన్న అక్షరాలు. ఆ డబ్బాలో నీళ్లు తాగకూడదని వాళ్ల భాషలో ఎవరు చెబుతున్నారు? పూరీ బోర్డును తప్పుపట్టి వచ్చిన నేను, ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. ఈ ఏడు కోతలకు వచ్చిన ముఠా మేస్త్రీని కూర్చోబెట్టి, అతని చేత మిగతావాళ్లకు చెప్పించాను. పావుగంట పట్టింది. వాళ్లు తిరిగి నాలుగు ప్రశ్నలు అడిగారు, అందులో రెండింటికి నా దగ్గర జవాబు లేదు, షాపుకెళ్లి కనుక్కొచ్చాను.

మీ ఊళ్లో కూడా ఇలాంటి బోర్డు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎవరి కోసం పెట్టారో, వాళ్లు చదవగలరో లేదో ఒక్కసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. సెలవు.