కెమెరా మార్చుట - కంపెనీ మార్చుట

నేడు ఫొటో లేని పెండ్లి పల్లెలలో సైతము కానరాదు. ఆ ఫొటోలు తీయు కుఱ్ఱవాడు పలుమాఱు మన యింటివాడో, పొరుగింటివాడో అయియుండును. కొన్ని యేండ్లు పని చేసిన పిమ్మట వాడు పెద్దల కడకు వచ్చి, "కెమెరా పాతబడినది. క్రొత్తది ఈ కంపెనీదే కొనవలెనా, వేఱొక కంపెనీకి మారవలెనా?" అని యడుగును. అడుగునది సలహాయే యైనను దాని వెనుక సొమ్ము కూడ నుండును. ఆ సొమ్ము పొలము మీదనో, బంగారము మీదనో తెచ్చిన యప్పు కావచ్చును. కావున పెద్దలకు ఈ సంగతి కొంత తెలిసియుండుట మంచిది. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. తొంబది యేండ్లకు పైబడి దేశదేశముల ఫొటోగ్రాఫరులు దీనితో తంటాలు పడుచున్నారు. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేయదలచితిని.

కెమెరా యనగా నిజమునకు రెండు వస్తువులు. ఒకటి పెట్టె. రెండవది దాని ముందు తగిలించు లెన్సు, అనగా గాజు కటకములు గల గొట్టము. ఈ రెండును కలియు చోట ఒక లోహపు కట్టు కలదు. దానిని ఫొటోగ్రాఫరులు మౌంటు అందురు. బండికి ఇరుసు ఎట్టిదో కెమెరాకు మౌంటు అట్టిది. ఇరుసు కొలత మారినచో ఇంట నున్న చక్రములు అక్కఱకు రావు.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ చిక్కు అంతగా లేదు. అది సికిందరాబాదున స్టూడియో నడపి, ఆఱవ నిజాము కొలువులో ఫొటోగ్రాఫరుగా నుండిన రాజా దీనదయాళు కాలము. అప్పటి కెమెరాలు కొయ్యపెట్టెలు. లెన్సును ఒక పలకకు బిగించి, ఆ పలకను పెట్టె ముందు నిలిపెడివారు. పెట్టె ఒకరు చేసినది, లెన్సు మఱొకరు చేసినది యైనను, క్రొత్త పలక చేయించినచో పని జరిగెడిది.

చిన్న కెమెరాలు వచ్చిన పిదప ఈ స్వేచ్ఛ పోయినది. జర్మనీలోని వెట్జ్లారు పట్టణమున లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బర్నాక్ అను యంత్రనిపుణుడు చేతిలో నిముడు కెమెరా నొకదానిని రూపొందించెను. లైకా యను పేర అది 1925లో అంగడికి వచ్చెను. సినిమా ఫిలుము మీద 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల బొమ్మను అది తీసెడిది. 1930 నుండి దానికి లెన్సులు మార్చుకొను వీలు కలిగెను. దాని కట్టు 39 మిల్లీమీటర్ల మర. 1932లో జైస్ ఐకాన్ కంపెనీ పోటీగా కాంటాక్స్ కెమెరాను తెచ్చెను. దాని కట్టు మర కాదు, లోనికి దూర్చి కొంచెము త్రిప్పి బిగించునది. ఒకదాని లెన్సు రెండవదానికి పట్టదు. ఇక కంపెనీ పెట్టె కొనుట యనగా ఆ కంపెనీతో వియ్యమందుట యయ్యెను.

అయినను తెలివిగలవాడు పెట్టెను విడువకయే మేలైన లెన్సును సంపాదింపగలడని 1950లో ఋజువైనది. లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫరు డేవిడ్ డగ్లస్ డంకన్ అప్పుడు టోకియోలో నుండెను. జున్ మికీ అను జపాను ఫొటోగ్రాఫరు స్వదేశపు లెన్సుతో అతని బొమ్మ తీసి చూపెను. ఆ బొమ్మ స్పష్టతకు డంకన్ ఆశ్చర్యపడి, ఆ లెన్సు చేసిన నిప్పన్ కొగాకు కర్మాగారమునకు స్వయముగా పోయి, లెన్సులను పరీక్షించి తీసికొనెను. 1917లో స్థాపింపబడిన ఆ సంస్థయే నేటి నికాన్. అది లైకా మరకు సరిపోవు లెన్సులను గూడ చేసెడిది. జూను నెలలో కొరియా యుద్ధము మొదలు కాగా డంకన్ తన పాత లైకా పెట్టెలకు ఆ నిక్కోర్ లెన్సులను తగిలించుకొని యుద్ధభూమికి పోయెను. ఆ బొమ్మలతో జపాను లెన్సుల కీర్తి అమెరికాకు ప్రాకెను. అతడు మార్చినది లెన్సు మాత్రమే, పెట్టె మార్చలేదని మనము గమనింపవలెను.

కంపెనీయే కట్టు మార్చదలచినప్పుడు పాత ఖాతాదారుల గతి యేమి? దీనికి రెండు భిన్నమైన జవాబులు చరిత్రలో నున్నవి.

మొదటి జవాబు లైకాది. 1954లో ఎం3 అను క్రొత్త కెమెరాతో లైకా తన మర కట్టును విడిచెను. కాని అంతకుముందే ఒక లెక్క వేసికొనెను. కట్టు నుండి ఫిలుము వఱకు గల దూరము పాత కెమెరాలో 28.8 మిల్లీమీటర్లు. క్రొత్తదానిలో దానిని 27.8 మిల్లీమీటర్లు చేసెను. మిగిలిన ఒక్క మిల్లీమీటరు మందమున ఒక ఉంగరము చేసి యమ్మగా, పాత లెన్సులన్నియు క్రొత్త పెట్టెపై చక్కగా పనిచేసినవి. దూరము తగ్గినచో ఉంగరముతో పూడ్చవచ్చును. పెరిగినచో వట్టి ఉంగరము వలన ప్రయోజనము లేదు.

రెండవ జవాబు కానన్‌ది. 1985లో మినోల్టా కంపెనీ 7000 అను కెమెరాను తెచ్చెను. అది తనంత తానే దూరము సరిచూచుకొని బొమ్మను స్పష్టము చేయును. దానిని అందుకొనుటకు నికాన్, కానన్ రెండును తొందరపడినవి. నికాన్ 1959 నాటి తన ఎఫ్ కట్టును విడువక, మోటారును పెట్టెలో నుంచి ఒక సన్నని కడ్డీ ద్వారా లెన్సును త్రిప్పెను. కానన్ మాత్రము 1971 నుండి నడచుచున్న ఎఫ్‌డీ కట్టును 1987లో త్రోసిపుచ్చి, 54 మిల్లీమీటర్ల విశాలమైన ఈఎఫ్ కట్టును తెచ్చి, మోటారును లెన్సులోనే అమర్చెను. ఎఫ్‌డీ దూరము 42 మిల్లీమీటర్లు, ఈఎఫ్ దూరము 44. కావున వట్టి ఉంగరము వేసినను పాత లెన్సుతో దూరపు వస్తువులు స్పష్టముగా రావు. ఏఱు దాటి తెప్ప తగులబెట్టినట్లున్నదని పాతవారు మండిపడిరి.

అయితే పిమ్మట జరిగినది విచిత్రము. పరుగులు, బంతియాటలు తీయువారికి లెన్సులోని మోటారు వేగము ప్రాణమయ్యెను. 1990 తరువాతి దశకమున వారిలో అనేకులు నికాన్ విడిచి కానన్ పట్టిరి. ఆటస్థలముల ప్రక్క కానన్ తెల్లని పెద్ద లెన్సులు బారులు తీరెను. 1992లో నికాన్ కూడ పెద్ద లెన్సులలో మోటారు పెట్టసాగెను. మాట నిలుపుకొన్నవాడు వెనుకబడుటయు, మాట తప్పినవాడు ముందునకు పోవుటయు ధర్మమా యని మీరడుగవచ్చును. నా యభిప్రాయమున ఇందు ధర్మాధర్మముల కంటె పనిలోని భేదమే ముఖ్యము. మనిషిని కూర్చుండబెట్టి తీయు నికాన్ ఫొటోగ్రాఫరునకు మారకుండుటలో నష్టము లేదు. పరుగెత్తువానిని తీయువానికి ప్రతిదినము నష్టమే. ఎఫ్‌డీ లెన్సులు గలవానికో, స్వయంచాలక కెమెరా కావలెనన్నచో ఎటు పోయినను లెన్సులు పోవునవే. కనుక అతడు ఏ కంపెనీని ఎంచుకొన్నను ఒకటే.

అట్టి ఘట్టమే మరల వచ్చినది. లోపలి అద్దము తీసివేసిన కెమెరాలకై సోనీ 2010లో, నికాన్, కానన్‌లు 2018లో క్రొత్త కట్టులు తెచ్చినవి. వీని దూరములు వరుసగా 18, 16, 20 మిల్లీమీటర్లు. అన్నియు పాతవాని కంటె తక్కువ. అందుచే ఈమాఱు పాత లెన్సులకు ఉంగరపు వంతెన దొరకినది. కాని నికాన్ అమ్మిన ఎఫ్‌టీజెడ్ ఉంగరములో మోటారు లేదు. కడ్డీతో తిరుగు పాత లెన్సులను దానిపై చేతితోనే త్రిప్పుకొనవలెను. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన ఫొటోగ్రాఫరులకు సోనీ కెమెరాలు ఇచ్చుటకు నిశ్చయించెను. దానిని చూచి మన కుఱ్ఱవాడు తొందరపడరాదు. సంస్థ అందఱికిని ఒక్కమాఱే సరంజామా సమకూర్చగలదు. ఇంటివాడు ఒక్కొక్క లెన్సును ఒక్కొక్క పెండ్లి సంపాదనతో కొనుక్కొనును.

మఱియు లెక్కలోనికి రాని ఖర్చు ఒకటి కలదు. నికాన్ లెన్సు ఒక దిక్కునకు తిరిగి బిగియును. కానన్ లెన్సు దానికి ఎదురు దిక్కున బిగియును. స్పష్టత సరిచేయు వలయమును త్రిప్పు దిక్కు కూడ ఎదురే. ఏండ్ల తరబడి అలవాటు పడిన వ్రేళ్లు ఒక్క దినమున మారవు. తాళి కట్టు క్షణము ఫొటోగ్రాఫరు కొఱకు రెండవమాఱు రాదు.

కావున సొమ్మడుగ వచ్చినవానిని పెద్దలు మూడు ప్రశ్నలు వేయవలెను. నీ కొఱత పెట్టెలో నున్నదా, లెన్సులో నున్నదా? లెన్సులోనే యైనచో డంకన్ వలె దానినే మార్చుము. నీ పాత లెన్సులలో ఎన్ని ఆ కంపెనీ క్రొత్త పెట్టెపై పూర్తిగా పనిచేయును? చాల వఱకు చేయునెడల అచ్చటనే యుండుము. ఏవియు చేయనిచో ఇరుకంపెనీలను సమానముగా చూచి ఎంచుకొనుము. నీవు నిత్యము తీయు బొమ్మలలో ఏవి ఈ కెమెరాతో తప్పిపోవుచున్నవి? ఈ కడపటి ప్రశ్నకు వాడు పెండ్లిపేరు, ఘట్టము చెప్పి జవాబియ్యగలిగినచో ఆ కోరికలో సత్తువ కలదు. చెప్పలేనిచో పాత కెమెరా తోడనే మఱియొక పెండ్లి ఋతువు గడపుమనుట మేలు.